ఓటికుండల మేత

చేప ఏం తింటుందో చేపను అడగాలి. నేను పుస్తకాన్ని అడిగాను. అది నేను చేసిన మొదటి తప్పు. రెండో తప్పు ఇంకా పెద్దది, దాని సంగతి తరవాత చెబుతాను.

రాష్ట్రం ఏర్పడి అప్పటికి పదేళ్లు నిండలేదు. గిద్దలూరు తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. నేను చేపల శాఖలో కొత్తగా చేరిన ఫీల్డుమాన్‌ని, పేరు కరుణాకరం. మా ఊరు బాపట్ల దగ్గర. సముద్రం ఒడ్డున పుట్టినవాడికి చేపల గురించి ఒకరు చెప్పేదేముందని నాకు పొగరు. దానికి తోడు నాలుగు నెలల ట్రైనింగు. ట్రైనింగులో ఇచ్చిన పుస్తకం ఎప్పుడూ నా గుడ్డసంచిలోనే ఉండేది. అందులో రాసి ఉంది: చేపలకు వేరుశెనగ చెక్క ఒక పాలు, తవుడు ఒక పాలు కలిపి పెట్టవలెను. అంతే. అది నాకు వేదవాక్కు.

రాచర్ల చుట్టుపక్కల పల్లెలు తిరిగి, సొంత కుంటలో చేపలు పెంచుకోవచ్చని రైతులకు చూపించడం నా ఉద్యోగం. అది గొర్రెలు, మేకలు, జొన్న చేలు తెలిసిన సీమ. నేను చెప్పేదంతా చుట్ట కాలుస్తూ శ్రద్ధగా వినేవాళ్లు. విని, "చేపలు పట్టుకునేటివి గదా సారూ, పెంచేదానికి అవేమన్నా గొర్రెపిల్లలా?" అని నవ్వి లేచి పోయేవాళ్లు. నెలన్నర తిరిగితే చెప్పుల అడుగులు అరిగాయి గాని ఒక్క కుంట దొరకలేదు. చివరికి సరే అన్నది ఒక్క గోవిందమ్మ.

గోవిందమ్మకు నలభై ఏళ్లుంటాయి. భర్త కాశయ్య పోయి రెండేళ్లు. పిల్లలు లేరు. పంపకాల్లో ఆమెకు వచ్చినవి రెండెకరాల గులకరాళ్ల చేను, ఒక కుంట, కుంట గట్టు మీద ఒక కొట్టం. నీళ్లున్న నేల ఎవరికి కావాలి, దున్నలేరు, విత్తలేరు అని ఆ కుంటను ఆమె వాటాలో పడేశారు. కుంట నడిమధ్య ఊట ఉంది. ఎంత ఎండలైనా అక్కడ నిలువెత్తు నీళ్లు నిలుస్తాయి.

కాశయ్య అన్న యల్లయ్యది పక్కనే పెద్ద ఇల్లు. నాలుగు ఎడ్లు, అరవై గొర్రెలు, ఊళ్లో మాట చెల్లే మనిషి. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. తమ్ముడి భార్య గట్టు మీద ఒంటరిగా ఉండటం ఆయనకు నామర్దా. మా ఇంట్లో ఇంత ముద్ద లేదా అని ఆయన బాధ. కుంటకు గండి కొట్టి నీళ్లు వదిలేస్తే ఆ ఒండ్రులో శనగ బ్రహ్మాండంగా పండుతుందని ఆయన ఆశ. బాధా ఆశా ఒకే వైపు లాగుతుంటే మనిషిని ఆపడం కష్టం.

గోవిందమ్మకు మాత్రం ఆ పెద్దింటికి పోయి, యల్లయ్య భార్య రమణమ్మ చేతి కింద ఉండటం బొత్తిగా ఇష్టం లేదు. నాతో ఒకసారి నేరుగానే అన్నది.

"మా యక్క రమణమ్మ మంచిదే నాయనా. అన్నం పెడతది. కానీ ఆ ఇంట్లో నేను ఉప్పు కావాలన్నా అడగాల. నా పొయ్యి మీద సంగటి మాడినా అది నా సంగటి. ఆ పొయ్యి పోయిందంటే నాకింకేం మిగల్దు."

నేను చేపల మాట ఎత్తిన రోజు యల్లయ్య కూడా అక్కడే ఉన్నాడు. కండువా దులిపి గట్టు మీద కూర్చుని, "ఈ చేపల సారు చెప్పింది గూడా చూద్దాం గోవిందమ్మా," అన్నాడు. "శివరాత్రి దాకా గడువు. పండక్కి రెండు దినాల ముందు వల ఏపిస్తా. మూడు చేపలు నేను ఏరుతా. ఒక్కోటి అరవీశె తూగితే కుంట నీది, పొయ్యి నీది, నేను మళ్లీ నోరెత్తను. ఒక్కటి తగ్గినా కుంట మీద మాట నాది. గండి కొట్టి శనగేస్తా. నువ్వు మూటాముల్లె సర్దుకొని మా ఇంటికి రావాల. ఏమంటావు?"

గోవిందమ్మ నా మొహం చూసింది. నేను పుస్తకం ఉన్న సంచి మీద చెయ్యేసి, తూగుతాయన్నట్టు తలూపాను. అరవీశె అంటే ఏడు వందల గ్రాములు. వేళకు మేత పడితే అంత తూకం రావడం కష్టమేమీ కాదు.

"సరే బావా," అన్నది ఆమె. ఆ సరే నా తల మీద పడిన సంగతి నాకు కార్తీకం దాకా తెలియలేదు.

శ్రావణంలో నంద్యాల నుంచి రైల్లో చేపపిల్లల్ని తెచ్చాను. మట్టికుండల్లో నీళ్లు పోసి, అవి ఊపిరాడక చావకుండా దారి పొడుగునా చేత్తో నీళ్లు చిలుకుతూ కూర్చున్నాను. గిద్దలూరు స్టేషన్లో దిగేసరికి నా వేళ్లు నానిన అప్పడాలైపోయాయి. బొచ్చెలు, శీలావతులు కలిపి కుంటలో వదిలాము. మర్నాటి నుంచి మేత మొదలు. గిద్దలూరులో అబ్దుల్ గఫార్ గానుగ ఉండేది. గోవిందమ్మ చేలో కోసిన చింతపండు ఆయనకు ఇస్తే, దానికి బదులు ఆయన వేరుశెనగ చెక్క ఇచ్చేవాడు. చెక్క నానబెట్టి, జొన్న తవుడు కలిపి, ముద్దలు చేసి గట్టు నుంచి వేసేది. మూడు నెలలకు చేపలు జానెడయ్యాయి. నేను పుస్తకాన్ని ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చేలల్లో వేరుశెనగ ఊడలు దిగకుండానే ఎండిపోయింది. కార్తీకంలో ఒకరోజు చెక్క కోసం నేనూ గోవిందమ్మా గిద్దలూరు పోతే, గానుగ నిలిచిపోయి ఉంది. ఎద్దు నీడలో పడుకొని నెమరేస్తోంది. గఫార్ గడప మీద కూర్చున్నాడు.

"ఏం చేసేది సాబ్, కాయలుంటే గదా గానుగ తిరిగేది," అన్నాడు. "ఉన్న నాలుగు చెక్కలకు ఎడ్లోళ్లు కొట్టుకుంటుండారు. చేపలకిచ్చినానని తెలిస్తే నా గడ్డం పీకుతారు. అమ్మా, నీ చింతపండు నువ్వు తీసుకపో. నాకు ఊరికే వద్దు."

తిరుగు దారి పట్టాము. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. చెక్క దొరకని పక్షంలో ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. ఉత్త తవుడు వేస్తే చేపలు తిన్నాయి గాని ఒళ్లు పెట్టలేదు. పదిహేను రోజుల తరవాత చూస్తే తలకాయలు పెద్దవి, ఒళ్లు సన్నం. సత్తువ మేత పడని చేప అట్లాగే ఉంటుంది.

"ఆ పుస్తకంలో కరువు లేదా నాయనా?" అని అడిగింది గోవిందమ్మ. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. నాకు అది ఇంకా గట్టిగా తగిలింది.

మర్నాడు పొద్దున్నే పోయేసరికి ఆమె కొట్టం ముందు కోడిపిల్లలకు మేత పెడుతోంది. ఆ మేత మీకు చెప్పాలి. ఓటికుండలో కాస్త తడి పేడ, నాలుగు జొన్న చొప్ప ముక్కలు కూరి, చెదలున్న చోట నేల కొంచెం గీకి, సాయంత్రం దాని మీద బోర్లించి వస్తారు. తెల్లారేసరికి చెదపురుగులు చొప్ప తినడానికి కుండలోకి ఎక్కుతాయి. కుండ ఎత్తుకొచ్చి కోడిపిల్లల ముందు దులుపుతారు. ఆ సీమలో కోళ్లున్న ప్రతి ఇల్లాలూ చేసే పనే. నేను నాలుగు నెలలుగా రోజూ చూస్తున్నాను. చూడటం వేరు, కనపడటం వేరు.

ఆ రోజు కనపడింది. కోడిపిల్లలు ఎగబడి తింటున్నాయి. పిడికెడు లేని పిల్లలు వారానికి వారం బలుస్తున్నాయి.

"అక్కా, ఆ కుండ ఇటివ్వు," అన్నాను.

"ఎందుకు నాయనా, పురుగులు."

నేను చెప్పకుండా కుండ లాక్కొని కుంట దగ్గరికి పరిగెత్తి నీళ్ల మీద దులిపాను. గుప్పెడు చెదలు తెల్లగా తేలాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తరవాత నీళ్లు ఉడికినట్టు కదిలాయి. శీలావతులు పైకి వచ్చి టప్ టప్ మని నోళ్లు తెరిచి మింగాయి. ఒక బొచ్చె ఏకంగా గాల్లోకి ఎగిరింది. గోవిందమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో నా తల్లుల్లారా, ఇంత ఆకలి మీద ఉండారా!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా కళ్లలోనూ తిరిగాయి, కానీ నేను ఆఫీసరు లెక్కలో ఉన్నాను కదా, మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఇక్కడ ఆగి ఉంటే నేను మర్యాదస్తుణ్ణి. ఆగలేదు. ఒక్కో కుండ పెట్టి, తెల్లారేదాకా కాచుకొని, గుప్పెడు పురుగులు తేవడం నాకు నత్తనడకలా తోచింది. చేలో అంత ఎత్తు పుట్టలుండగా గుప్పెళ్లు ఏరుకోవడమేమిటని, మధ్యాహ్నం గడ్డపార తీసుకొని ఒక్కణ్ణే పోయి, యల్లయ్య చేను మూలనున్న పుట్టను సగం దాకా తవ్వేశాను. లోపల చెదలు కుప్పలు. తట్ట నింపుకొని మహారాజులా వస్తున్నాను. అదీ రెండో తప్పు.

అది వాళ్లింటి ఆడవాళ్లు పాలు పోసే పుట్ట. ఎప్పుడో చల్లిన పసుపు ఎండకు వెలిసి మట్టి రంగులో కలిసిపోయింది. పుట్ట పక్కన బోర్లించిన పాల ముంత నాకు కనపడలేదు. కనపడినా, ఎవరిదో పాత ముంత అనుకునేవాణ్ణి. రమణమ్మ గడ్డివాము దగ్గర నుంచి చూసి పెట్టిన కేక రాచర్ల దాకా వినబడి ఉంటుంది.

పావుగంటలో నా చుట్టూ పదిమంది. యల్లయ్య వచ్చి పుట్టను చూశాడు, తట్టను చూశాడు, నన్ను చూశాడు.

"సారూ, నువ్వు చదువుకున్నోడివి," అన్నాడు నెమ్మదిగా. ఆయన తిట్టి ఉంటే నయంగా ఉండేది. "మా అమ్మ, వాళ్లమ్మ మొక్కిన పుట్ట ఇది. గోవిందమ్మా, ఇనుకో. ఈ పుట్ట పురుగులు తిన్న చేప మా ఇంట్లో ఎవురూ ముట్టరు. కుంట సంగతి శివరాత్రికి ఎట్లాగూ తేలతది."

నేను తట్ట అక్కడే పెట్టి, తల వంచుకొని నిలబడ్డాను. గోవిందమ్మ నన్ను వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. ఇంటికి పోయి కడవతో నీళ్లు, పసుపు, ముంతలో పాలు తెచ్చింది.

"తవ్వినోడే పూడ్చాల. మట్టి తొక్కు నాయనా."

తట్టలోని చెదల్ని ఒక్కటి మిగల్చకుండా పుట్టలో వదిలి, మట్టి తొక్కి, ముద్దలు చేసి, పొద్దుగూకే దాకా ఆ పుట్టను మళ్లీ కట్టాను. ఆమె పసుపు రాసి పాలు పోసింది. నేను ప్రతి ఆదివారం గిద్దలూరు చర్చికి పోయేవాణ్ణే, అయినా ఆ రోజు చేతులు జోడించాను. నా అపరాధం ఎవరికి చెప్పుకోవాలో వాళ్లకే చెప్పుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆమె ఒక్క మాట అన్నది.

"పుట్ట వాళ్ల ఇల్లు. ఇల్లు తవ్వకూడదు. బయటికొచ్చి మన చొప్ప తినేటోళ్లను పట్టుకుంటే తప్పులేదు. నాకు తెలిసింది అదే."

నా ట్రైనింగు మొత్తంలో ఇంత సూటిగా ఎవరూ పాఠం చెప్పలేదు.

అప్పటి నుంచి పని ఆమెది, రాసుకోవడం నాది. ఊళ్లో ఓటికుండను ఎవరూ పారేయరు, ఏదో మూల బోర్లించి ఉంటుంది. గోవిందమ్మ ఇల్లిల్లూ తిరిగి నలభై కుండలు పోగుచేసింది. మరి నలభై కుండలకు సరిపడా చెదలెక్కడ? కరువు ఏడు చెదలకు పండగ. తడి లేని చోట ఎండుకట్టె ఏది దొరికినా తింటాయి. అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది యల్లయ్య దొడ్లో, జొన్న చొప్ప వామి చుట్టూ. ప్రతి ఏడూ వామి అడుగున నడుం ఎత్తు చొప్ప చెదలు తిని మట్టి చేయడం, ఆయన తిట్టుకుంటూ దాన్ని పెంటలో వేయడం మామూలే.

అడగాలంటే నాకు నోరు రాలేదు. గోవిందమ్మే పోయి అడిగింది, నేను ఆమె వెనక దాక్కున్నంత పని చేశాను.

"బావా, మీ వామి చుట్టూ కుండలు పెట్టుకుంటా. పుట్ట జోలికి పోను."

యల్లయ్య పకపకా నవ్వాడు. "వామి చెదలు నాకేమన్నా చుట్టాలా? పట్టకపో. చెదలు తిని చేప బలుస్తదంట, గాలి తిని గొర్రె బలుస్తదంట!"

రమణమ్మ లోపల్నుంచి, "కుండకొకటి కోడిపిల్ల గూడా ఇయ్యమంటావా?" అని ఒక ముక్క విసిరింది. అయినా మర్నాడు ఆమే తన ఓటికుండలు రెండు తెచ్చి గట్టు మీద పెట్టి పోయింది. ఆ మనిషి తీరే అంత.

రోజూ సాయంత్రం గోవిందమ్మ వామి చుట్టూ కుండలు బోర్లించేది. పైన తడి గోనెపట్టా కప్పేది. పొద్దున్నే ఎత్తి, సగం కుండలు నేరుగా కుంటలో దులిపేది. మిగతా సగం పెంకులో దోరగా వేయించి, రోట్లో దంచి, జొన్న తవుడులో కలిపి ముద్దలు చేసేది. వేయించడం ఎందుకని అడిగితే నన్ను జాలిగా చూసింది.

"తొలకరికి ఈసుళ్లు లేస్తే మేం వేయించుకొని బొరుగుల్లో కలుపుకొని తినమా? చెదలకు రెక్కలొస్తేనే గదా ఈసుళ్లు. మనకు రుచైంది చేపకు గాదా? ఇట్ల దంచి పెట్టుకుంటే నాలుగు దినాలు నిలవుంటది గూడా."

నేను ప్రతి నెలా ఆఫీసుకు రిపోర్టు పంపాలి. అందులో 'మేత' అని ఒక గడి. ఆ నెల ఆ గడిలో 'చెదలు' అని రాశాను. పైనుంచి జవాబొచ్చింది: మేత గడిలో మేత రాయవలెను, కుంటలోని చీడపీడల వివరం వేరే గడిలో రాయవలెను. మళ్లీ రాశాను, ఇది చీడ కాదు, మేతే అని. ఈసారి జవాబు రాలేదు. నాకు పిచ్చి పట్టిందని అనుకొని ఉంటారు. నాకు పట్టింది సంతోషం. పుష్యమాసానికి చేపలు జానెడున్నర అయ్యాయి. పొద్దున కుండతో గోవిందమ్మ గట్టెక్కగానే నీళ్లలో వరసలు కట్టి వచ్చేవి. ఆమె అడుగుల చప్పుడు వాటికి తెలుసు.

శివరాత్రికి రెండు రోజుల ముందు, చెప్పిన మాట ప్రకారం, కంభం నుంచి మోషే అనే వలగాణ్ణి పిలిపించాడు యల్లయ్య. ఊరు సగం గట్టు మీదికొచ్చింది. మోషే విసురు వల రెండుసార్లు వేస్తే గంపెడు చేపలు పడ్డాయి. నిగనిగలాడుతున్నాయి. "కంభం చెరువు చేపలైనా ఇంత ఒళ్లు పెట్టలేదే ఈ యేడు," అన్నాడు మోషే. నా ఛాతీ ఉబ్బింది.

యల్లయ్య గంపలో చెయ్యి పెట్టి ఒక బొచ్చెను తీశాడు. నా స్ప్రింగు తక్కెడకు తగిలించాను. తొమ్మిది వందల గ్రాములు. రెండోదీ బొచ్చెనే, ఎనిమిది వందల పైచిలుకు. జనంలో ఎవరో ఈల వేశారు. మూడోసారి ఆయన చెయ్యి గంప అడుగు దాకా పోయింది. ఒక శీలావతిని పట్టుకొచ్చింది. తగిలించాను. ముల్లు ఆరు వందల నలభై మీద ఆగింది.

"ఎంత సారూ?" అన్నాడు యల్లయ్య.

ఆయనకు ఆ అంకెలు రావు. అక్కడ ఎవరికీ గ్రాముల లెక్క తెలియదు. అరవీశె ఎన్ని గ్రాములో చెప్పవలసినవాణ్ణి నేనొక్కణ్ణే. అరవై గ్రాములు. మూడు నెలల ఓటికుండలు, ఒక మనిషి పొయ్యి, అరవై గ్రాముల దగ్గర ఆగిపోయాయి. నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"సరిపోయింది," అన్నాను.

గోవిందమ్మ వచ్చి నా చేతిలోని చేపను తీసుకుంది. రెండు చేతుల్లో పెట్టుకొని ఒకసారి ఎగదోసింది. కొట్టంలోకి పోయి, చింతపండు తూచే తన పాత తక్కెడ, అరవీశె రాయి తెచ్చింది. ఒక సిబ్బిలో రాయి, ఒక సిబ్బిలో చేప. రాయి కిందికి దిగింది, చేప పైకి లేచింది. చాలా కొంచెమే. కానీ అందరికీ కనబడింది.

"తగ్గింది బావా," అన్నది.

"అక్కా..." అన్నాను.

"తూకంలో అబద్ధమాడి నిలబెట్టుకున్న పొయ్యి మీద నేను అన్నం వండుకోలేను నాయనా. నీ మనసు నాకు తెలుసు. ఊరుకో."

ఈల వేసినవాడు కూడా తల దించుకున్నాడు. యల్లయ్య గెలిచినవాడిలా లేడు. చేపను మళ్లీ నీళ్లలోకి వదిలి, "పండగ ఎల్లిన మర్నాడు బండి పంపిస్తా," అని చెప్పి వెళ్లిపోయాడు. నేను గట్టు మీద కూర్చున్నాను. అబద్ధమాడినందుకు సిగ్గు, ఆ అబద్ధం పని చేయనందుకు దుఃఖం. రెండిట్లో ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేను.

పండగ మర్నాడు పొద్దున్నే వెళ్లాను. సాయం చేద్దామని, ఇంకేం చేయగలను? గోవిందమ్మ అప్పటికే కొట్టం ఊడ్చి, చాపలు చుట్టి, కుండలు బయట పెట్టింది. పొయ్యిలో బూడిద ఎత్తేసింది. మూడు పొయ్యిరాళ్లు పెరికి గడప ముందు పెట్టింది. మసిబారిన రాళ్లు, ఒక్కోటి రెండు చేతులా ఎత్తాల్సినవి. కాశయ్య పెళ్లైన కొత్తలో వాగులోంచి మోసుకొచ్చినవట. "రమణమ్మక్క దొడ్లో ఒక మూల పెట్టుకుంటా, ఆమె ఏమనదులే," అన్నది. గొంతు మామూలుగానే ఉంది. నేనే తల తిప్పుకొని కుండలు సర్దాను.

బండి వచ్చింది. యల్లయ్యే తోలుకొచ్చాడు. ఖాళీ బండి కాదు. గడ్డి పరిచి, దాని మీద వరసగా ఓటికుండలు. పాతిక దాకా ఉంటాయి. గోవిందమ్మ బండిని చూసి, ఆయన్ను చూసి నిలబడిపోయింది.

యల్లయ్య దిగి, కండువాతో మొహం తుడుచుకొని, ఎవరితోనూ కాకుండా ఎడ్లతో చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"నిన్న సాయంత్రం వామి అడుగు కట్టలు తీయించినా. ఏటా అక్కడ చొప్ప ఉండదు, మట్టి ఉంటది. పారతో ఎత్తి పెంటలో ఏస్తాం. నిన్న తీస్తే పసుప్పచ్చగా కట్టకు కట్ట ఉండాది. ఒక్క కట్ట చెడలే. చుట్టుపక్కల పల్లెల్లో చొప్ప లేక ఎడ్లను సంతకు తోలేసుకుంటుండారు. నాకు నెలన్నర మేత మిగిలింది." ఎద్దు మెడ నిమిరాడు. "ఎట్ల మిగిలిందో రమణమ్మ చెప్పింది. నువ్వు రోజూ కుండలు పెట్టి చెదల్ని లాగేసుకున్నావంట. నాకు ఆ ముక్క తట్టలే."

గోవిందమ్మ బండి దగ్గరికి పోయి ఒక కుండను తాకి చూసింది.

"మాట ప్రకారం కుంట మీద మాట నాది గదా?" అన్నాడు.

"మీదే బావా."

"అయితే ఇను. నా మాట ఏందంటే, గండి కొట్టేది లేదు. నీళ్లు అట్లనే ఉండనీ. ఈ కుండలు గూడా పెట్టుకో. ఈసారి గొర్రెల దొడ్డి చుట్టూ పెట్టు, అక్కడ గూడా చెదలు గుంజల్ని తింటుండాయి."

"మరి పొయ్యి?" అన్నది గోవిందమ్మ.

యల్లయ్య గడప ముందున్న రాళ్ల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అవి తన తమ్ముడు మోసుకొచ్చిన రాళ్లని ఆయనకు తెలియకుండా ఉంటుందా?

"నువ్వు మా ఇంట్లో చేపల పులుసు పెడితే రమణమ్మ ఊరుకుంటదా? పులుపు ఎక్కువైందని ఒకటే సాధింపు. నీ పొయ్యి మీద నువ్వే పెట్టుకో. మాకు చట్టెడు పంపు, చాలు."

"పుట్ట పురుగులు తిన్న చేపలు ముట్టమన్నారే?"

"పుట్టవి గాదు గదా," అన్నాడు యల్లయ్య. "నా వామి పురుగులేగా. నా చొప్ప తిని బలిసినయ్. చేపలు గూడా నా చొప్ప తిన్నట్టే."

గోవిందమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్లకు అద్దుకుంది. నేనైతే ఈసారి మొహం తిప్పుకోలేదు, హాయిగా ఏడ్చాను.

ఆమె వంగి మొదటి రాయి ఎత్తుకొని లోపలికి పోయింది. రెండోది నేను ఎత్తాను. మళ్లీ బయటికి వచ్చేసరికి మూడో రాయి గడప ముందు లేదు. యల్లయ్య దాన్ని పొట్టకు ఆనించుకొని, తెల్లచొక్కా అంతా మసి చేసుకుంటూ, తల వంచి కొట్టంలోకి వస్తున్నాడు.

"యాడ పెట్టాల?" అని అడిగాడు.